గాలి బాబురావు మాస్టరు

బాబురావు మాస్టరు లెక్క ప్రకారం ఈ భూమ్మీద మనిషన్నవాడు ఇంతవరకూ ఒక్క తప్పూ చెయ్యలేదు. జరిగిన తప్పులన్నీ గాలి చేసింది.

ఇది ఆయన వేళాకోళానికి అనే మాట కాదు. శాలిబండ బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఇస్త్రీ నలగని ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, మైనం రాసి మెలితిప్పిన మీసం. అంత కొలతగా బతికే మనిషి ఎదుటివాళ్ల తప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూపుడు వేలు నోట్లో తడిపి పైకెత్తి, కళ్లు సగం మూసి, "గాలి" అని తేల్చేసేవాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఒకసారి మంగలి ఆయన మీసాన్ని ఒక పక్కన కొసంటా కోసేశాడు. ఊళ్లో సగం మంది ఆ మీసం చూసి టైము చెప్పుకునేవాళ్లు. పాపం, మంగలి కత్తెర కింద పెట్టి దండం పెట్టాడు. మాస్టరు అద్దంలో అటొకసారి ఇటొకసారి చూసుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు. నీ తప్పేమున్నది? తలుపు తీసి పెట్టినవ్, గాలి గొట్టింది. ఇగ రెండో దిక్కు గూడ గాలి కొట్టినట్టే చెయ్" అన్నాడు.

కూతురి పెళ్లిపత్రికలో వరుడి పేరు ఉండాల్సిన చోట వరుడి తండ్రి పేరు అచ్చయింది. వియ్యపురాలు గుండెలు బాదుకుంది. ప్రెస్సువాడు తల వంచుకుని నిలబడ్డాడు. మాస్టరు వాడి భుజం తట్టి, "అక్షరాలు సీసంవే. కని గాలి ముంగట సీసమెంత, దూదెంత?" అన్నాడు. పెళ్లికొడుకు తండ్రి మాత్రం ఆ పత్రికను పటం కట్టించుకున్నాడని చెప్పుకుంటారు.

ఇంట్లో ఆయన భార్య రుక్మాబాయి బాధ వేరు.

"పప్పుల ఉప్పు మరిచిన" అనేది ఆమె.

"మరువలే. ఏసినవ్. చెంచాలకెల్లి గిన్నెల పడేలోపట గాలి కొట్కపోయింది."

"మరిచిన అని నేనే చెప్తున్న గదా!"

"నీకు తెల్వదు."

"చూసిన్రా?" అని ఆమె వచ్చినవాళ్లందరికీ మొరపెట్టుకునేది. "పెండ్లయిన కాడికెల్లి ఇదే లొల్లి. ఆఖరికి నా తప్పు మీద నాకే హక్కు లేకుండ చేసిండు."

ఇలాంటి మనిషి రైఫిల్ క్లబ్బులో కొత్తవాళ్లకు గురి నేర్పే పనిలో కుదిరాడు. గాలి నిజంగానే తప్పులు చేయించే చోటు ఒకటుందని తెలిశాక ఇక ఆయన్ని పట్టుకునేదెవరు?

*

కమలకుమారి సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తానే చేశానని ఆమె నమ్మకం. బస్సులో ఎవరైనా ఆమె కాలు తొక్కితే ఆమే "సారీ అండీ" అనేది. తెనాలి నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరింది. మలక్‌పేట క్వార్టర్లలో పెద్దమ్మ సీతారావమ్మ దగ్గర ఉండేది. టైపు మిషను మీద వరస చివరికి రాగానే టింగుమని గంట మోగుతుంది కదా, రోజూ తన చేత్తో తనే మోగించే ఆ గంటకు రోజూ ఉలిక్కిపడేది.

డెబ్బై అయిదో సంవత్సరం. మహిళా సంవత్సరమని దేశమంతా సభలు జరుగుతున్నాయి. ఆ ఊపులో రైఫిల్ క్లబ్బువాళ్లు ఆడవాళ్లకు ఒక బ్యాచి తెరిచి, ఆఫీసులన్నిటికీ కబురు పంపారు. సెక్షన్లో సూపరింటెండెంటు శ్రీహరిరావు ఆ కబురు చదివి వినిపించి, కళ్లజోడు మీదుగా కమలకుమారి వైపు చూశాడు.

"ఏమ్మా కమలా, మీరు చేరతారా? తుపాకీ దాకా ఎందుకులెండి, మిషను గంటకే గాల్లోకి లేస్తారు."

సెక్షనంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే కమలకుమారి లేచి, "నా పేరు రాయండి" అంది. అన్నది తనేనా అని తనే వెనక్కి తిరిగి చూసుకుంది.

సాయంత్రం సీతారావమ్మ విని మంచం మీద కూలబడింది. "తుపాకీ ఏవిటే? ఆడపిల్లవి!" కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, "సరే, చేరానంటున్నావుగా. ఎదురింటివాళ్లు వింటారు. చప్పుడు కాకుండా నేర్చుకో" అంది.

*

చిన్న తుపాకులతో మొదటి పాఠాలు ఉస్మాన్‌గంజ్‌లో, ఒకప్పటి మిరపకాయల గోదాములో. మిరపకాయలు పోయి ఏళ్లయినా ఘాటు పోలేదు. అక్కడ గురి చూడటం నేర్చుకునే ముందు తుమ్ము ఆపుకోవడం నేర్చుకోవాలి.

గురి చూడటానికి అందరూ చాపల మీద బోర్లా పడుకోవాలి. కమలకుమారి పక్క చాప ఆగమ్మది. సర్కారు ప్రెస్సులో బైండింగు పని చేసే మనిషి. గట్టి చేతులు, అంతకంటె గట్టి గొంతు. మొదటి రోజే, "అక్కా, గట్ల వణుకుతున్నవేంది? తుపాకి నీ చేతిలున్నది. వణకాల్సింది ఎదుటోడు" అని ధైర్యం చెప్పింది.

కమలకుమారి బోర్లా పడుకుని, తుపాకీ భుజానికి ఆనించి, తన ఇష్టదైవాలందరినీ తలుచుకుని మీట నొక్కింది. కాగితం మీద చిల్లు పడలేదు. కాగితానికి బాగా ఎడంగా పేర్చిన ఇసుక బస్తాలోంచి ఇసుక జలజలా రాలింది.

"క్షమించండి మాస్టారూ, నాదే తప్పు."

బాబురావు మాస్టరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీ తప్పా? ఎవరన్నరు?" వేలు తడిపి పైకెత్తాడు. "గాలి."

"ఇక్కడ గాలెక్కడిదండీ? కిటికీ కూడా లేదు."

"కిటికీ లేకనే గదా బిడ్డా! బయటికి పోనీకి తొవ్వ లేక ఈడనే తిరుగుతుంది. బలిసిన గాలి ఇది." అని ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇప్పుడు కుడి దిక్కుకెల్లి కొడ్తుంది. నీ ఎడమ మోచెయ్యి తుపాకి కిందికి జర జరుపు. ఇంక జర. ఆఁ, గాలి తగ్గింది. ఇగ కొట్టు."

ఈసారి కాగితం అంచుకు చిల్లు పడింది.

"సూసినవా? జరిగింది గాలి!"

అలా మొదలైంది. ఆయన పాఠమంతా గాలి భాషలోనే ఉండేది. "నీ లోపటి గాలి, బయటి గాలి ఎదురుపడ్డయ్. సగం ఊపిరి ఇడిసి ఆపు, రెండు గాల్లు రాజీ పడ్తయ్." "గాలి నీ వేలు మీద కూసున్నది, అందుకే మీట గుంజినట్టయితుంది. మెల్లగ, నిమ్మపండు పిసికినట్టు ఒత్తు, లేచి పోతది." ఆగమ్మ ఒకనాడు తూటా పెట్టడం మరిచిపోయి మీట నొక్కి, "సార్, ఇది గూడ గాలేనా?" అని అడిగింది. మాస్టరు ఏమాత్రం తడబడలేదు. "తూటా పెడ్దామనుకున్నవ్, ఆ అనుకున్నదాన్ని గాలి కొట్కపోయింది" అన్నాడు.

కమలకుమారికి మొదట్లో స్వర్గంలో ఉన్నట్టుండేది. పుట్టి బుద్ధెరిగాక తప్పు చేసినా ఎవరూ ఏమీ అనని చోటు ఇదొక్కటే. వారమంతా శ్రీహరిరావు ఎర్ర సిరాతో సున్నాలు చుడతాడు. ఆదివారం బాబురావు మాస్టరు వాటిని ఊది అవతల పారేస్తాడు.

*

చలికాలం వచ్చేసరికి చిన్న తుపాకీ పోయి పెద్ద తుపాకీ వచ్చింది. గోదాము పోయి, బార్కస్ దాటాక గుట్టల నడుమ మైదానం వచ్చింది. త్రీ నాట్ త్రీ రైఫిలు, మూడు వందల గజాల దూరం. అంత దూరాన టార్గెట్ తపాలా బిళ్లంత కనిపిస్తుంది. దాని కింద గుంతలో మనుషులు కూర్చుని ఉంటారు. తూటా తగిలితే ఎక్కడ తగిలిందో కర్రకు కట్టిన తెల్ల బిళ్లతో చూపిస్తారు. తగలకపోతే ఎర్ర జెండా ఊపుతారు.

కమలకుమారి టార్గెట్ కింద తెల్ల బిళ్ల చాలాకాలం నిద్రపోయింది.

ఆ తుపాకీ పేలితే చెవుల్లో పిడుగు పడ్డట్టుండేది. భుజం మీద గాడిద తన్నినట్టుండేది. సీతారావమ్మ రోజూ రాత్రి ఆ నల్లబడ్డ భుజానికి నువ్వుల నూనె రాస్తూ, "చప్పుడు కాకుండా నేర్చుకోమన్నానా?" అని సాధించేది.

"అక్కా," అంది ఆగమ్మ ఒకనాడు. "నీకు ఊపి ఊపి ఆ గుంతలాయనకు మస్తు అలవాటయింది. రేపట్నుంచి రైల్వేల జేరి బండ్లు ఆపుతడట."

"గాలి" అన్నాడు మాస్టరు వెంటనే. "ఈ గుట్టల గాలి కొత్తోళ్లను గుర్తువడ్తది."

ఆ రోజు పక్క వరసలో క్లబ్బు సెక్రటరీ రాధాకృష్ణమూర్తి పడుకున్నాడు. రిటైరయిన ఇంజనీరు. ఫెల్టు టోపీ పెట్టకుండా తుపాకీ ముట్టడు, తనకు రాని విషయం లేదనే నమ్మకం విడవడు. మనిషి చెడ్డవాడు కాడు, కాస్త బిగువెక్కువ. ఆయన పది తూటాలూ పేల్చి, టార్గెట్ తెప్పించుకుని చూశాడు. చిల్లులన్నీ అంచుల వెంబడి చుట్టాల్లా చెదురుగా నిలబడ్డాయి. ఒక్కటి మాత్రం నట్టనడుమ, నల్ల చుక్కలో, దేవుడి బొట్టులా ఉంది.

"చూశావా బాబురావ్? అదీ గురి అంటే!" అన్నాడు సెక్రటరీ.

గుంతలోంచి వచ్చినవాడు తల గోక్కుంటూ, "సార్, మీరు పదే గొట్టిన్రు. దీంట్ల పదకొండున్నయ్" అన్నాడు.

అందరూ లెక్కపెట్టారు. పదకొండే. సెక్రటరీ చూపు మెల్లగా పక్క వరసకు తిరిగింది. కమలకుమారి అప్పటికే చేతులు జోడించి ఉంది.

"క్షమించండి సార్. నడిమిది నాదేననుకుంటానండీ."

"గాలి సార్" అన్నాడు బాబురావు మాస్టరు.

"ఏవిటయ్యా గాలి! ఒక టార్గెట్‌కి కొట్టిన తూటాని గాలి ఎత్తుకెళ్లి పక్క టార్గెట్ మధ్యలో పెట్టిందా?"

"గుట్టల నడుమ గాలి సార్. ఇంటి అడ్రసు మరుస్తది."

రాధాకృష్ణమూర్తి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "చూడు, సరదా వేరు, చదువు వేరు. తప్పు చెప్పని గురువు దగ్గర ఎవరైనా ఏం నేర్చుకుంటారు? జనవరిలో పోటీలున్నాయి. ఈ బ్యాచిలో ఒక్కరైనా అర్హత మార్కు దాటితే సరే. లేదంటే ఆడవాళ్ల బ్యాచి మూసేస్తాం. కమిటీలో కూడా ఇదే మాట మీదున్నారు."

"అట్లనే సార్" అన్నాడు మాస్టరు. మీసం మాత్రం కాస్త వాలింది.

*

తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు కమలకుమారి ఆయన ముందుకు వచ్చి నిలిచింది.

"మాస్టారూ, నాకు గాలి వద్దండీ."

"ఏందమ్మా?"

"నా తప్పు నాకు కావాలండీ. ఆఫీసులో అన్ని తప్పులూ నావే అంటారు. మీరేమో ఒక్కటీ నాది కాదంటారు. వాళ్లు నన్ను పనికిరానిదాన్ని చేస్తే, మీరు పసిపిల్లను చేశారు. ఇక నేను నేర్చుకునేదెప్పుడు? నా తూటా పక్కకు పోబట్టే సెక్రటరీ గారు బ్యాచి మూసేస్తామన్నారు. ఆగమ్మ ఎంత బాగా కొడుతోంది!"

ఆగమ్మ ఏదో అనబోయి, మాస్టరు ముఖం చూసి నోరు మూసుకుంది. అది ఆమె స్వభావానికి విరుద్ధం.

అలవాటు కొద్దీ బాబురావు మాస్టరు వేలు నోటి దాకా పోయింది. తడపకుండానే దించేశాడు.

"ఆదివారం పొద్దుగాల రా బిడ్డా. అందరికన్న ముందు" అన్నాడు.

*

ఆదివారం ఆమె చేరేసరికి మైదానంలో మంచు ఇంకా పూర్తిగా విడలేదు. గడ్డి కూడా కదలడం లేదు. మాస్టరు ఒక్కడే చాప పరిచి కూర్చుని ఉన్నాడు. దూరాన గుంతలో ఎవరూ లేరు.

"ఇయ్యాల నిశానా తోటి పని లేదు. తగిలిందా లేదా చూడకు. ఉత్తగ కొట్టు. తూటా నేనే పెట్టిస్త. నువ్వు పండుకో."

ఆయన తూటా పెట్టి రైఫిలు చేతికిచ్చాడు. ఆమె పేల్చింది. పిడుగు, గాడిద తన్ను, అన్నీ మామూలే. ఆయన మళ్లీ తన ఒడిలో దాచి తూటా పెట్టిచ్చాడు. మళ్లీ పేల్చింది. మూడోసారి ఇచ్చి, ఎందుకో లేచి, నాలుగడుగులు అవతలికి నడిచి, ఆమెకు వీపు పెట్టి, గుట్ట మీద తిరిగే గద్దలను చూస్తూ నిలబడ్డాడు.

కమలకుమారి మీట నొక్కింది.

టిక్కుమంది. అంతే. పిడుగు లేదు, తన్ను లేదు. అంత నిశ్శబ్దంలో తాను చేసిన పనంతా ఆమెకు తెలిసిపోయింది. తుపాకీ గొట్టం చివర నూకలేరుకునే కోడి ముక్కులా దబుక్కున నేలకు పొడిచింది. భుజం తనంతట తానే ముందుకు ఎగదన్నింది. పళ్లు బిగుసుకున్నాయి. అన్నిటికీ మించి, రెండు కళ్లూ గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ తను గురి చూసి కొట్టలేదు. గురి చూసి, కళ్లు మూసుకుని, భయం కొద్దీ తుపాకీని తనే కిందికి నెట్టి కొట్టింది. ప్రతిసారీ పేలిన చప్పుడు ఆ సంగతిని కప్పేసింది.

ఆమె మెల్లగా బోల్టు లాగి తూటా బయటికి తీసింది. మందు లేని ఉత్త డొల్ల.

"మాస్టారూ, దీంట్లో మందు లేదండీ."

"అట్లనా?" వీపు తిరగలేదు.

"ఇది మీరే పెట్టారు."

"గాలికి ఎగిరొచ్చి పడ్డదేమో బిడ్డా."

ఆమెకు నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయేమో గానీ నవ్వే ముందొచ్చింది.

"ఏమన్న కనవడ్డదా?" అని అడిగాడాయన, ఇంకా గద్దల వైపే చూస్తూ.

"కనబడిందండీ. నేను..."

"నాకు చెప్పకు. నీకు ఎరికైతె సాలు."

అప్పుడు తిరిగి వచ్చి చాప చివర కూర్చున్నాడు. మేజోళ్లు పైకి లాక్కున్నాడు. ఆయన అసలు మాట మాట్లాడే ముందు అలా చేస్తాడని ఆమెకు ఆరోజే తెలిసింది.

"డ్రిల్లు మాస్టరుగ మస్తుమంది పోరగాండ్లను చూసిన కమలమ్మా. కవాతుల ఒకని కాలు తప్పుపడ్డది. 'నీ కాలు తప్పు' అని నలుగురిల అన్నమనుకో. ఇగ ఆడు తన కాలు చూడడు. ఆ నలుగురినే చూస్తడు. జిందగీ మొత్తం ఆ నలుగురినే చూసుకుంట నడుస్తడు. కాలు ఎన్నడు సక్కగ వడ్తది? తప్పు ఎవరికి వాళ్లు చూసుకోవాలె. మిగిలినోల్లు ఆ జరసేపు అటు దిక్కు మల్లి నిలబడాలె, గంతే."

"మరి ఇన్నాళ్లూ గాలి గాలి అని..."

"గాలిని ఎంత తిట్టినా దానికి కోపం రాదు గదా. పాపం, మంచిది గాలి."

కమలకుమారి గోదాములో మొదటి రోజునుంచీ విన్న మాటలు తలుచుకుంది. కుడివైపు గాలి అంటే తన మోచెయ్యి. ఊపిరితో తగువుపడే గాలి అంటే తన ఊపిరి. వేలి మీద కూర్చున్న గాలి అంటే తన వేలు. ఆయన ఒక్క తప్పూ చెప్పకుండా వదల్లేదు. ఎవరిదో చెప్పలేదు, అంతే.

తర్వాత వాళ్లిద్దరూ ఎండ వచ్చేదాకా ఆ ఆట ఆడారు. ఏది మందున్న తూటానో ఏది డొల్లో ఆమెకు తెలియదు. కోడి ముక్కు పొడవడం మెల్లగా తగ్గింది. చివరికి ఒకసారి టిక్కుమన్నప్పుడు గొట్టం చివర నిద్రపోతున్న పిల్లిలా కదలకుండా ఉంది. ఆమె రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి.

అప్పుడే వచ్చిన ఆగమ్మ ఆ డొల్లలను చూసి పకపకా నవ్వింది. "నీకు గూడ పెట్టిండా? నాకు దసర ముంగటనే పెట్టిండు అక్కా! మీట జిట్టుక్కున గుంజుతుంటి. ఎవ్వరికి చెప్పనని అన్న. మొన్న బస్సు కాడ నోటిదాక వచ్చింది, మింగలేక సచ్చిన."

*

జనవరి పోటీల రోజు షామియానా వేశారు. కుర్చీలు, మైకు, ముఖ్య అతిథిగా ఒక పెద్ద అధికారి. రుక్మాబాయి కూడా పెద్ద టిఫిను డబ్బాతో వచ్చింది. "పులిహోరల ఉప్పు ఎక్కువైంది. ఎవరన్న అడిగితె నాదే తప్పని చెప్పున్రి, ఆయన వినకముందే" అని అందరికీ ముందుగానే చెప్పి పెట్టింది.

పోటీ ప్రారంభానికి సెక్రటరీ రాధాకృష్ణమూర్తి స్వయంగా అయిదు వందల గజాల నుంచి కొట్టి చూపించాలని ఏర్పాటు. టోపీ సర్దుకుని పడుకున్నాడు. పేల్చాడు. ఎర్ర జెండా. మళ్లీ పేల్చాడు. ఎర్ర జెండా. తూటాలు టార్గెట్‌కి ఎంతో ఇవతల నేలలో పడి దుమ్ము లేపుతున్నాయి. మూడోసారి కూడా జెండా ఊగేసరికి కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. సెక్రటరీ మెడ వెనక చెమట ధారలు కట్టింది. అంత చలిలో!

కమలకుమారికి ఇంతదూరం నుంచే సంగతి కనిపించింది. ఆయన నిన్న సాధన చేసింది మూడు వందల గజాల నుంచి. రైఫిలు మీద గురి చూసే వెనక సైటు ఇంకా మూడు వందల మీదే ఉంది. దూరానికి తగ్గట్టు పైకి జరపడం మరిచిపోయాడు. కొత్తవాళ్లు చేసే తప్పు. ఆగమ్మ కూడా చూసి ఆమె డొక్కలో పొడిచింది.

బాబురావు మాస్టరు గబగబా నడిచి వెళ్లి సెక్రటరీ పక్కన మోకాలు వంచాడు. వేలు తడిపి, షామియానాలో అందరికీ కనబడేట్టు పైకెత్తాడు.

"గాలి సార్!" అన్నాడు, మైకు అక్కర్లేని గొంతుతో. "కిందికి గుంజుతుంది! గీ గాలికి వెనక సైటు జర మీదికి పెట్టాలె!"

రాధాకృష్ణమూర్తి సైటు వైపు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడటం వెనకనుంచి కూడా తెలిసింది. గడ్డిపోచ కదలని ఆ పొద్దుటిపూట ఆయన మాస్టరు ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో నవ్వు లేదు, గెలుపు లేదు. గాలి గురించిన ఆందోళన మాత్రమే ఉంది. సెక్రటరీ వేళ్లు మెల్లగా సైటును పైకి జరిపాయి.

తరవాత తూటాకు తెల్ల బిళ్ల లేచింది. చప్పట్లు మోగాయి.

"కిందికి లాగే గాలి కూడా ఉంటుందాండీ?" అని ముఖ్య అతిథి కుతూహలంగా అడిగాడు.

రాధాకృష్ణమూర్తి టోపీ తీసి దుమ్ము దులిపాడు. "ఉంటుందండీ. ఈ గుట్టల దగ్గర. చాలా... చాలా అరుదు."

*

తరవాత ఆడవాళ్ల వరుస. ఆగమ్మ కాగితాల కట్ట సర్దినంత తేలిగ్గా తన తూటాలు పేల్చి, అర్హత మార్కు దాటి, లేచి చీర దులుపుకుంది. బ్యాచి నిలిచింది. ఇక కమలకుమారి కొట్టినా కొట్టకపోయినా బెంగ లేదు. తన కోసం తను కొట్టుకోవాలి, అంతే. ఆమెకు అదే ఎక్కువ భయమేసింది.

మొదటి తూటాలు బాగానే పోయాయి. నాలుగోదానికి వెనక కుర్చీల్లో ఎవరో దగ్గారు. ఆమె కళ్లు చటుక్కున మూసుకున్నాయి. ఎర్ర జెండా ఊగింది. "అయ్యో పాపం" అని ఎవరో ఆడమనిషి అంది. ఆమె తల తిప్పి మాస్టరు కోసం చూసింది. ఆయన ఇటు చూడటమే లేదు. షామియానా గుంజ దగ్గర వీపు తిప్పి నిలబడి, రుక్మాబాయితో పులిహోర గురించి ఏదో పెద్ద వాదన పెట్టుకున్నాడు.

కమలకుమారి మళ్లీ ముందుకు తిరిగింది. 'గాలి' అనుకుంది తనలో తను. అబద్ధమని తెలుసు. కానీ ఆ మాట అనుకోగానే భుజం మీద కూర్చున్న జనమంతా దిగిపోయారు. చాప, తుపాకీ, తపాలా బిళ్లంత టార్గెట్, తను, అంతే మిగిలింది. సగం ఊపిరి వదిలింది. కళ్లు తెరిచి నొక్కింది. ఆ పేలుడు ఎంత పెద్దగా వినిపించిందో తరవాత ఎవరు అడిగినా ఆమె చెప్పలేకపోయింది.

తెల్ల బిళ్ల లేచింది. మళ్లీ లేచింది. చివరి తూటాకు గుంతలో మనిషి తెల్ల బిళ్లను నల్ల చుక్క మీద పెట్టి, ఏం తోచిందో ఏమో, గిరగిరా తిప్పాడు కూడా.

అర్హత మార్కు మీద రెండు ఎక్కువొచ్చాయి. కమలకుమారి చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తింది.

"మాస్టారూ! గాలి కలిసొచ్చిందండీ!"

బాబురావు మాస్టరుకు కోపం రావడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండలేదు. ఆరోజు చూశారు. మీసాలు రెండూ లేచాయి.

"గాలేంది గాలి! యాడున్నది గాలి? ఆకు కదుల్తుందా? గడ్డి కదుల్తుందా? చేసినవ్ గదా, నీ చేత్తోని కొట్టినవ్ గదా! మధ్యల గాలికెందుకు ఇస్తవ్?"

కమలకుమారి "సారీ అండీ" అనబోయింది. ఆ మాట ఎందుకో ఆరోజు నోటికి రాలేదు. "అవునండీ, నేనే కొట్టాను" అంది. అని, అంతమందిలో బిగ్గరగా అన్నానని సిగ్గుపడి, మళ్లీ అంది. "నేనే కొట్టాను."

"గట్ల చెప్పు" అన్నాడాయన.

బహుమతులు పంచడం, ఉపన్యాసాలు, ఉప్పెక్కువైన పులిహోర అన్నీ అయ్యాక జనం బస్సుల వైపు కదిలారు. కమలకుమారి చాపలు చుట్టడానికి వెనక్కి వచ్చింది. షామియానా గుడ్డ అవతల రాధాకృష్ణమూర్తి గొంతు వినిపించింది. ఆ గొంతులో రోజూ ఉండే బిగువు లేదు.

"బాబురావ్... ఆదివారం నీకు వీలవుతుందా? ఊరికే, ఒకసారి నా పట్టు చూద్దువు గాని. మీట దగ్గర ఏదో... ఎవరూ రాకముందు వస్తాను."

"రాన్రి సార్. పొద్దుగాల రాన్రి. నేనుంట."

గుడ్డ పక్కకు తొలిగి సెక్రటరీ ఇటు వచ్చాడు. కమలకుమారిని చూసి గతుక్కుమని ఆగిపోయాడు, టోపీ చేతిలో పట్టుకుని.

ఆమె అప్పటికే ఆయనకు వీపు పెట్టి, గుట్ట మీద తిరిగే గద్దలను మహా శ్రద్ధగా చూస్తోంది.